ఇస్త్రీ మచ్చ ఉన్న ఖాకీ చొక్కా

స్టెనోగారి ఆఫీసులోకి వచ్చినావిడ కుర్చీ చూపించినా కూర్చోలేదు. చేతిలోని తాళాలగుత్తిని బల్లమీద ఠంగున పెట్టి, "నన్ను కూడా పట్టుకుపొమ్మనండి. ఆయనొక్కడే లోపలుంటే నేను చూడలేను," అంది. అప్పుడు కూర్చుంది.

స్టెనోగారు మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపారు. ముప్ఫై ఏళ్లపాటు కోర్టులో సాక్షులు చెప్పింది చెప్పినట్టు షార్ట్‌హ్యాండులో రాసి, రిటైరయ్యాక వాళ్లు చెప్పనిది కూడా ఎవరో ఒకరు రాయాలి కదా అని ఈ డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషి ఆవిడ. గోడ మీద బోర్డులో పెద్ద పేరే ఉంది గానీ, కింద మందుల షాపువాడితో సహా అందరికీ స్టెనోగారే. ఆవిడ సహాయకుడు ఒకప్పుడు ఇన్సూరెన్సు ఏజెంటు. పది మాటలు చాలిన చోట వంద మాట్లాడేవాడు. ఇక్కడ చేరాక నోరు తగ్గి రాత పెరిగింది, నోట్‌బుక్ అన్న పేరు స్థిరపడింది. స్టెనోగారు సూర్యుడు పడమట పొడిచాడంటే తేదీ వేసి మరీ రాసుకునే రకం.

"మీ ఆయన ఏం చేస్తారమ్మా?" అన్నారు స్టెనోగారు.

"ఆసుపత్రిలో అంబులెన్సు డ్రైవరండీ. సాయంత్రాలు నాటకాలు. మా నాటక సమాజంలో పదకొండేళ్లుగా పోలీసు వేషం ఆయనదే. ఊరంతా ఎస్సై గారూ అనే పిలుస్తారు. సరదాగా పెట్టిన పేరండీ. ఇప్పుడు అదే ఆయన మీద సాక్ష్యమట!"

"మీరు?"

"సమాజం బట్టలు చూసేది నేనే. ఉతకడం, కుట్టడం, ఇస్త్రీ, అన్నీ."

ఏడుపు మధ్యలో ఆమె చెప్పిన సంగతి ఇది. మొన్న మంగళవారం సాయంత్రం నాలుగింటికి సంగీతం టీచరుగారింటికి ఒక పోలీసు అధికారి వెళ్లాడు. మీ వయొలిన్ దొంగసొత్తని ఫిర్యాదు వచ్చింది, స్వాధీనం చేసుకుంటున్నాను అన్నాడు. పట్టుకుపోయాడు. మర్నాడు టీచరుగారు స్టేషన్‌కి వెళ్లి అడిగితే అక్కడ అందరూ తెల్లమొహం వేశారు. మీవాళ్లే వచ్చారు, చొక్కా ఎడమ జేబు మీద ఇస్త్రీపెట్టె మచ్చ కూడా ఉంది అని ఆవిడ చెప్పగానే ఒక కానిస్టేబుల్ ఎగిరి గంతేశాడు. కిందటి నెల నాటకంలో ముందు వరసలో కూర్చుని ఆ మచ్చను చూసి నవ్వుకున్నది అతనే.

"మచ్చ నా చేతి పనేనండీ," అంది ఆమె. "పాలు పొంగుతున్నాయని పరుగెత్తాను, తిరిగొచ్చేసరికి కాలింది. పోలీసులొచ్చి మా నాటకాల బట్టల పెట్టె తీయించారు. ఆ చొక్కా, టోపీ, మీసం అన్నీ అందులోనే ఉన్నాయి. ఆయన్ని తీసుకుపోయారు. మంగళవారం ఆయనకి సెలవు, ఇంట్లో ఒక్కడే కూర్చుని కొత్త నాటకం బట్టీపడుతున్నాడు. నేను మా అక్కవాళ్లింట్లో ఉన్నాను. చూసినవాళ్లెవరూ లేరు. సోమవారం కోర్టు. శిక్ష పడితే ఉద్యోగం కూడా పోతుందండీ."

"పెట్టె తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరే. ఎప్పుడూ నా దగ్గరే. పోలీసులకీ అదే చెప్పాను."

స్టెనోగారు తాళాలగుత్తి అందుకున్నారు. ఆరు తాళంచెవులు. అయిదు రోజూ చేతుల్లో నలిగి మెరుస్తున్నాయి. ఆరోదానికి మాత్రం విడిగా ఒక దారం ఉచ్చు ఉంది, దారానికి గోడసున్నం అంటుకుని తెల్లగా ఉంది. ఆవిడ దాన్ని వేలికి తగిలించుకుని చూపించారు.

"ఇది గుత్తిలో ఉండే తాళంచెవి కాదమ్మా. మేకుకి వేలాడేది. ఎక్కడ ఆ మేకు?"

ఆమె మొహం పాలిపోయింది. "రిహార్సల్ హాల్లో, అద్దం వెనక," అంది. "అందరికీ తెలుసండీ. కానీ బట్టల బాధ్యత నాది కదా. తాళం మేకుకి తగిలించి పోతానని చెబితే నన్నేమంటారో అని భయపడి, గుత్తిలో వేసుకుని నా దగ్గరే ఉంటుందని చెప్పేశాను."

"ఆ ఒక్క మాటతో ఆ పెట్టె మీ ఇంట్లో ఇద్దరు తప్ప ఇంకెవరూ తీయలేనిదైపోయింది," అన్నారు స్టెనోగారు. తిట్టినట్టు లేదు గానీ, అంతకంటే ఎక్కువే తగిలింది. "ఏడవకండి. పొరపాటున మూసిన తలుపు మీరే తీద్దురుగాని. పదండి, ముందు హాలు చూద్దాం."

రిహార్సల్ హాలు ఒక పాత గోదాము. ఒక మూల నిలువుటద్దం, దాని వెనక మేకు, గోడకి ఆనించి రేకు పెట్టె. ఎదురుగా బల్లమీద హార్మోనియం. దాని తిత్తికి కొత్త తోలు అతికించి ఉంది, జిగురు వాసన ఇంకా పోలేదు. వీధి తలుపుకి గడియే తప్ప తాళం లేదు. పెట్టెకి తాళం వేసేది బట్టల కోసం మాత్రమే, మిగతా సామాను ఎత్తుకుపోతే పుణ్యమేనని అందరి ఉద్దేశం.

"ఈమధ్య కొత్తవాళ్లెవరైనా వచ్చారా?"

"ఎవరూ లేరండీ. మేమే. ఆ, కిందటి శుక్రవారం హార్మోనియం బాగుచేసే ఆయన వచ్చి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాడు. అప్పుడు నేనూ ఇక్కడే ఉన్నాను, బట్టలు సర్దుకుంటూ. పాపం, తలెత్తకుండా పని చేసుకునే మనిషి."

నోట్‌బుక్ అదీ రాసుకున్నాడు. ఎందుకు రాస్తున్నాడో అతనికి తెలీదు. రాయకపోతే ఏమవుతుందో బాగా తెలుసు.

సంగీతం టీచరుగారిల్లు రెండు వీధుల అవతల. తలుపు తట్టగానే తెరుచుకోలేదు. కిటికీ తెర కదిలింది, ఎవరు, ఏం పని అని రెండుసార్లు ప్రశ్న వచ్చింది, అప్పుడు గొలుసు తీసిన చప్పుడు. అరవై దాటిన సన్నని మనిషి. నలభై ఏళ్లు పిల్లలకీ పెద్దలకీ స్వరాలు దిద్దిన గొంతు ఇవాళ కొద్దిగా వణుకుతోంది. లోపల ఆవిడ శిష్యుడు చాప మీద కూర్చుని ఉన్నాడు. రిటైర్డ్ పోస్ట్‌మాస్టరు, జీవితంలో ఇక ముద్రలు కొట్టే పని లేదని తేలాక వయొలిన్ నేర్చుకోవాలని పట్టుబట్టిన పెద్దమనిషి. మంగళవారం ఆయన కూడా పాఠంలోనే ఉన్నాడు.

"మనిషి ఎలా ఉన్నాడు?" అన్నారు స్టెనోగారు.

"ఖాకీ చొక్కా, టోపీ, లావు మీసం," అంది టీచరుగారు.

"మొహం?"

"మొహం..." ఆవిడ ఆగిపోయింది. "సిగ్గుగా ఉందండీ. చొక్కా మీది మచ్చ చూశాను గానీ మొహం సరిగా చూడలేదు. ఆ బట్టలు చూడగానే పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ నాటకాలాయన్ని చూపించి ఇతనేనా అంటే, అవుననీ చెప్పలేకపోయాను, కాదనీ చెప్పలేకపోయాను."

"నేను లేచి సెల్యూట్ కొట్టి అలాగే నిలబడిపోయాను," అన్నాడు పోస్ట్‌మాస్టరు, దాచుకోకుండా.

"దొంగసొత్తంటే మీరు నమ్మారా?"

"మా గురువుగారు ఇచ్చిన వయొలిన్ అది. కానీ దాని లోపల పక్షి గుర్తు ఉంటుంది, మా రికార్డులో రాసి ఉంది అన్నాడు. నలభై ఏళ్లు నా భుజాన ఉన్నా అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. పోలీసులకి తెలిసి ఉంటుంది కదా అనుకున్నాను."

"ఇంకేమైనా పట్టుకుపోయాడా?"

"ఏమీ లేదు. మెళ్లో గొలుసు ఉంది, అటు చూడను కూడా లేదు."

"వయొలిన్ పెట్టెలో పెట్టింది మీరా, అతనా?"

"నా చేతులు వణుకుతుంటే అతనే అందుకున్నాడు. మామూలుగానే పెట్టాడు. చెప్పడానికేమీ లేదు."

"మామూలుగానా!" పోస్ట్‌మాస్టరు నొచ్చుకున్నట్టు అన్నాడు. "నాకంటే నీటుగా సర్దాడు. నేను సర్దితే మాత్రం రోజూ చీవాట్లు."

"మీరు రోజూ మర్చిపోతారు మరి," అంది టీచరుగారు. బాధలో ఉన్నా ఆ కోపం మాత్రం యథాస్థానంలో ఉంది. ఆ మాట అంటూనే ఆయన పక్కన పెట్టిన, వయొలిన్ వాయించే కమాను తీసి, చివరనున్న మరని తిప్పి వెంట్రుకలు వదులు చేసి పెట్టెలో పెట్టింది. "ఇది రిపేరుకెళ్లాల్సొస్తుంది, ఇలాగే వాడితే. నా వయొలిన్‌కి కూడా ఆర్నెల్ల కిందట పైచెక్క బీట వారితే విప్పి అతికించాల్సొచ్చింది."

"ఎక్కడ ఇచ్చారు?"

"ఏమోనండీ, మా మేనకోడలు ఆఫీసుకెళ్తూ ఏదో దుకాణంలో ఇచ్చి, తనే తెచ్చింది."

స్టెనోగారు లేచారు. మెట్లు దిగాక నోట్‌బుక్ నిట్టూర్చాడు. "సాక్షులిద్దరూ మొహం చూడలేదు మేడమ్. మనకి ఒక్క ఆధారం కూడా దొరకలేదు."

"చాలా దొరికాయయ్యా. సాక్షి దాచిపెట్టేది కొంచెమే. చెప్పక్కర్లేదు, మామూలే కదా అని వదిలేసేది బోలెడు. నీ పుస్తకంలో మామూలుగానే అన్న మాట దగ్గర గీత గీసుకో. మేనకోడలి ఆఫీసు ఎక్కడో కనుక్కుని, ఆ దుకాణం ఏదో నాకు చెప్పు."

నోట్‌బుక్ గీత గీశాడు. ఆ గీత వైపు సాయంత్రం దాకా చూశాడు, ఏమీ బోధపడలేదు.

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టరు ముక్కుసూటి మనిషి. "నాకూ అతను కాదనే అనిపిస్తోంది స్టెనోగారూ. కానీ అనిపించినంత మాత్రాన వదిలెయ్యలేను. స్టేజీ మీద ఆ బట్టలు వేసుకుంటే కళ. అవే బట్టలు వేసుకుని వీధిలోకొచ్చి నేను పోలీసుని అంటే మూడేళ్ల దాకా జైలు. ఆ పేరు చెప్పి వస్తువు పట్టుకుపోయినందుకు ఇంకో కేసు. పదిమంది గడపల్లో మా మాట చెల్లేది ఈ చొక్కా వల్లే. దాన్నెవడు పడితే వాడు వాడుకుంటే రేపు నిజంగా ఆపదొచ్చినా మాకు తలుపు తియ్యరు."

"శనివారం మధ్యాహ్నం అతన్ని రిహార్సల్ హాలుకి తీసుకురాగలరా? మీరూ రండి. ఒక గంట చాలు."

శనివారం మధ్యాహ్నానికి హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. నటుడు రెండు రోజుల గడ్డంతో, కానిస్టేబుల్ పక్కన కూర్చున్నాడు. భార్యని చూసి నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. టీచరుగారు, పోస్ట్‌మాస్టరు ఒక పక్క. పోస్ట్‌మాస్టరు తన వయొలిన్ తెచ్చాడు. హార్మోనియం దగ్గర దాన్ని బాగుచేసే ఆయన వంగి కూర్చున్నాడు. మళ్లీ పాడైందని పొద్దున కబురు పంపారు. పాడు చేసింది నోట్‌బుక్. మెట్టు కింద దళసరి కాగితం మడిచి దూర్చడం తన వృత్తి జీవితంలో మొదటి విధ్వంసమని అతను పుస్తకంలో రాసుకున్నాడు.

"ముందు ఒక మాట సరిదిద్దాలి," అన్నారు స్టెనోగారు, బట్టలావిడ వైపు చూసి.

ఆమె లేచి నిలబడింది. మొగుడి గడ్డం వైపు ఒకసారి చూసింది. "తాళంచెవి నా దగ్గర ఉండదు. అద్దం వెనక మేకుకి ఉంటుంది. అబద్ధం చెప్పాను. తప్పు నాదే."

ఇన్‌స్పెక్టరు కనుబొమలెగరేసి, తల ఊపాడు.

"కాబట్టి ఈ హాల్లో అడుగుపెట్టిన ఎవరైనా ఆ చొక్కా తీయగలరు, తిరిగి పెట్టగలరు," అన్నారు స్టెనోగారు. "ఇక రెండో సంగతి. ఆ మనిషి టీచరుగారింట్లో వయొలిన్ సర్ది బయటపడటానికి ఎంతసేపు పట్టిందో తేలాలి. ఇదిగో పోస్ట్‌మాస్టరుగారి వయొలిన్, ఇదిగో కమాను, అది పెట్టె. ఒక్కొక్కరూ సర్ది చూపించండి. నేను గడియారం చూస్తుంటాను."

పోస్ట్‌మాస్టరు కమాను బిగించి ఒక స్వరం వాయించాడు. అందరి పళ్లూ జివ్వుమన్నాయి. కానిస్టేబుల్ మొదట లేచి, వయొలిన్‌ని చంటిబిడ్డలా పడుకోబెట్టి, కమాను పక్కన పెట్టి మూత వేశాడు. నటుడు స్టేజీ అలవాటు కొద్దీ ఠీవిగా సర్దాడు, కమానుని మాత్రం తలకిందులుగా పెట్టాడు.

"మీరు కూడా, ఓ చెయ్యి వెయ్యండి," అన్నారు స్టెనోగారు హార్మోనియం ఆయనతో, చూపు గడియారం మీద నుంచి ఎత్తకుండా.

అతను చేతులు తుడుచుకుని వచ్చాడు. వయొలిన్ మెడ పట్టుకుని పెట్టెలో దించాడు. కమాను తీసుకున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ దాని చివరకి వాటంతటవే వెళ్లాయి. మర మూడుసార్లు తిరిగింది, బిగిసిన వెంట్రుకలు వదులయ్యాయి. అప్పుడు దాన్ని మూతలోని కొక్కేనికి తగిలించి, పెట్టె మూశాడు.

"అదీ!" పోస్ట్‌మాస్టరు కుర్చీలోంచి లేచిపోయాడు. "అచ్చం అలాగే! నేను రోజూ మర్చిపోయేది ఆ పోలీసాయన మర్చిపోలేదు. అందుకే నాకు కడుపు మండింది!"

హార్మోనియం ఆయన తన వేళ్ల వైపు చూసుకున్నాడు. "వయొలిన్ తెలిసినవాడెవడైనా అదే చేస్తాడండీ," అన్నాడు మెల్లగా.

"నేను చెప్పేదీ అదే," అన్నారు స్టెనోగారు. "టీచరుగారు నలభై ఏళ్లుగా రోజూ చేసే పని. అందుకే ఆ మనిషి చేసినా ఆవిడకి వింతగా అనిపించలేదు, మామూలుగానే పెట్టాడన్నారు. నిజంగా మామూలు పోలీసైతే అలా చెయ్యడు. మన నటుడూ చెయ్యలేదు. వచ్చినవాడు గొలుసు ముట్టుకోలేదు, వయొలినే కావాలి. లోపల పక్షి గుర్తుందని చెప్పాడు. సొంతదారుకే తెలియని గుర్తు, పైచెక్క విప్పినవాడికే కనబడుతుంది. ఆర్నెల్ల కిందట దాన్ని విప్పి అతికించిన దుకాణం ఏదో మేనకోడలు చెప్పింది. ఆ దుకాణం మీదే. మిమ్మల్ని చూసింది మేనకోడలొక్కతే, టీచరుగారు ఎన్నడూ చూడలేదు. దొంగతనానికి ముందు శుక్రవారం రోజంతా మీరు ఈ హాల్లో ఉన్నారు. పెట్టె తీసి బట్టలు సర్దడమూ, తాళంచెవి మేకుకి తగిలించడమూ మీ కళ్లముందే జరిగాయి."

అతను హార్మోనియం పక్కనే కింద కూర్చుండిపోయాడు.

"దుకాణం వెనక గదిలో ఉంది. దుప్పట్లో చుట్టి పెట్టాను, దెబ్బ తగలకుండా," అన్నాడు. "ఆ పక్షి మా నాన్న గుర్తు. ఆయన చేతి వయొలిన్లన్నీ ఎక్కడెక్కడికో పోయాయి. విప్పి చూసేసరికి లోపల ఆయన పెన్సిల్ గీత. తిరిగివ్వడానికి చెయ్యి రాలేదు. ఇచ్చాను గానీ నిద్ర పట్టలేదు."

"ఒక్క మాట అడిగి ఉంటే?" అంది టీచరుగారు. ఆవిడ కళ్లు నిండిపోయాయి. "రమ్మని కూర్చోబెట్టి వాయించి వినిపించేదాన్ని."

"లేదంటారని భయమండీ. ఆ బట్టలు వేసుకుని అడిగితే ఎవరూ లేదనరు కదా అనిపించింది."

"అందుకేనయ్యా ఆ శిక్ష," అన్నాడు ఇన్‌స్పెక్టరు. గొంతులో కోపం కంటే విసుగే ఎక్కువ ఉంది. "కాదనే హక్కు ఆవిడ దగ్గర్నుంచి లాక్కున్నావు. అడ్డుగా ఇంకొకడిని జైల్లో పెట్టించావు."

అతను నటుడి వైపు తిరిగి చేతులు జోడించాడు. "మిమ్మల్ని తీసుకుపోయారని తెలిసి రెండు రోజులు అన్నం దిగలేదు. అయినా నోరు విప్పలేదు. అది ఇంకా పెద్ద తప్పు." నటుడి భార్య అప్పటికే అతని భుజం పట్టుకుని ఏడుస్తోంది, అతనికి అదే చాలు.

టీచరుగారు ఫిర్యాదు వెనక్కి తీసుకోవచ్చా అని అడిగింది. వేషం సంగతి ఆవిడ ఒక్కరిదే కాదని, ఊరందరిదీ అని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. కానీ తప్పు ఒప్పుకున్నదీ, వస్తువు చెక్కుచెదరకుండా ఇచ్చినదీ కోర్టుకి తనే చెబుతానన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. కోర్టు ఆర్నెల్లతో సరిపెట్టింది. విడుదలైన రోజు నేరుగా మా ఇంటికి రండి, మీ నాన్నగారి వయొలిన్ వినిపిస్తాను అని టీచరుగారు అతనికి ఉత్తరం రాసింది. దాన్ని పోస్ట్‌మాస్టరు స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాడు, పాత అలవాటు.

నటుడు సోమవారం అంబులెన్సు ఎక్కాడు. పోలీసు బట్టల పెట్టెకి కొత్త తాళం పడింది, తాళంచెవి ఇప్పుడు నిజంగానే ఆమె గుత్తిలో మెరుస్తోంది. మచ్చ మాత్రం అలాగే ఉంచమని నటుడు పట్టుబట్టాడు. తనని పట్టించిందీ అదే, స్టెనోగారి దాకా తీసుకెళ్లిందీ అదేనని అతని వాదన.

కేసు ముగిసి వయొలిన్ తిరిగివ్వాల్సిన రోజున ఇన్‌స్పెక్టరు తనే బయల్దేరాడు, స్టెనోగారినీ నోట్‌బుక్‌నీ కానిస్టేబుల్‌నీ వెంటబెట్టుకుని. పొద్దున పది గంటలు. తలుపు తట్టాడు. కిటికీ తెర కదిలింది. తలుపు గొలుసు మేర తెరుచుకుంది.

సందులోంచి టీచరుగారు చూసింది. చొక్కా వైపు కాదు. టోపీ కింద కళ్లు, ముక్కు మీది చిన్న గాటు, నెరిసిన చెంపలు, అన్నీ తీరిగ్గా చూసింది.

"గుర్తింపు కార్డు చూపిస్తారా?" అంది. గొంతు వణకలేదు.

కానిస్టేబుల్ ఏదో అనబోయాడు. ఇన్‌స్పెక్టరు అతన్ని ఆపి, వయొలిన్ పెట్టె చంకలో ఇరికించుకుని జేబు తడిమి, కార్డు తీసి సందులోంచి అందించాడు. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని పేరు చదివింది, బొమ్మనీ మొహాన్నీ రెండుసార్లు పోల్చి చూసింది. నోట్‌బుక్ రాయడం మర్చిపోయి నిలబడ్డాడు. స్టెనోగారు మొదటిసారి పైకి నవ్వారు.

కార్డు తిరిగి ఇచ్చి, ఆవిడ గొలుసు తీసి తలుపు బార్లా తెరిచింది. "ఇప్పుడు రండి, కూర్చోండి," అంది. "కమాను బిగించడానికి రెండు నిమిషాలు పడుతుంది."